వాషర్ మార్చిన కుళాయికి ప్రారంభోత్సవం

గుల్లతిప్ప పంచాయతీ ప్రెసిడెంటు రాఘవమ్మగారికి ప్రారంభోత్సవాల పిచ్చి. పదవిలో ఉన్నవాళ్లలో ఆ పిచ్చి లేనిదెవరికి అంటారేమో. మిగతావాళ్లు కొత్తగా కట్టినవాటిని ప్రారంభిస్తారు. రాఘవమ్మగారు బాగుచేసినవాటిని ప్రారంభిస్తారు. కారుతున్న ట్యాంకుకి సిమెంటు పూస్తే ప్రారంభోత్సవం. కుంటి బల్లకి కాలు తగిలిస్తే ప్రారంభోత్సవం. పంచాయతీ ఆఫీసులో ఆగిపోయిన గోడగడియారానికి కొత్త సెల్లు వేసిన రోజున కూడా షామియానా వేయించబోయారు. గది లోపల షామియానా పట్టదండీ అని నేనే బతిమాలి ఆపాను.

నేను ఆ ఊరికి పంచాయతీ కార్యదర్శిగా వెళ్లాను. మాది బందరు. తాతయ్య గుమస్తా, నాన్న మాస్టారు, పెదనాన్న మళ్లీ గుమస్తా. ఫైలుకి దారం కట్టడం తప్ప ఇంకో ముడి వేయడం తెలియని వంశం. అవనిగడ్డ దాటి, కోడూరు దాటి, రోడ్డు కూడా ఇక విసుగొచ్చి ఆగిపోదామా అని ఆలోచించే చోట ఉంటుంది గుల్లతిప్ప. ఒక పక్క సముద్రం, ఒక పక్క రొయ్యల చెరువులు, మధ్యలో ఎటు చూసినా ఉప్పుగాలి.

కోడూరు నుంచి నన్ను తీసుకెళ్లింది బెన్నీ ఆటో. ఊళ్లోకి రాగానే ఒక వీధిదీపం స్తంభం దగ్గర ఆటో ఆపి, భుజం మీది తువ్వాలు తీసి ఆ స్తంభాన్ని శుభ్రంగా తుడవడం మొదలుపెట్టాడు.

"ఏమిటి బాబూ అది?" అన్నాను.

"స్తంభమండి."

"తెలుస్తోంది. ఎందుకు తుడుస్తున్నావు?"

"దుమ్ము పడితే బాగోదు కదండి," అన్నాడు, ఇంకేమీ అడగడానికి వీల్లేనట్టు.

కాస్త ముందుకెళ్లేసరికి రోడ్డుకి అడ్డంగా షామియానా, కుర్చీలు, ఓ యాభైమంది జనం. నడుమ గట్టు మీద ఒక కుళాయి. కుళాయికి మామిడాకులు కట్టారు, బొట్టు పెట్టారు. దాని పక్కన నాగబాబు అనే పడవ సరంగు మెడలో బంతిపూల దండతో, చేతులు కట్టుకుని, కోర్టులో తీర్పు కోసం నిలబడినవాడిలా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన నా దగ్గరకొచ్చి, తాను వార్డు మెంబరు చంద్రశేఖర్‌నని పరిచయం చేసుకున్నారు.

"ఏం జరుగుతోందండీ?" అని అడిగాను.

"కుళాయి ప్రారంభోత్సవమండి."

"కొత్త కనెక్షనా?"

"పాతదేనండి. వాషర్ మార్చాం."

"వాషర్ మార్చినందుకా ఇదంతా?"

"హెడ్డు కూడా మార్చామండి," అన్నారాయన, కొంచెం నొచ్చుకుని.

ఇంతలో రాఘవమ్మగారు లేచారు. ఆవిడ సర్పంచి కాకముందు బందరు మార్కెట్లో ఏళ్ల తరబడి చేపలమ్మారు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. ఒకసారి అద్దెకి తెస్తే, మైకువాడే వచ్చి "అమ్మా, మీరు కాస్త దూరంగా నిలబడి మాట్లాడండి, స్పీకరు పోతుంది" అన్నాడట. ఆవిడ ఉపన్యాసం నాకిప్పటికీ గుర్తుంది.

"ఈ కుళాయి నిన్నటిదాకా కారింది. ఈరోజు నుంచి కారదు. కారితే ఎవరూ నా ఇంటికి రాకండి. ముఖ్య అతిథిగారింటికి వెళ్లండి. నాగబాబూ, రా. దండేసుకున్నోడివి అలా తల దించుకుంటే దండ జారిపోద్ది."

నాగబాబు రిబ్బన్ కత్తిరించాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరికీ మరమరాలూ వేయించిన శనగపప్పూ పంచారు. నేను అదే రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసి, పోస్టింగు మార్పించుకోవడానికి ఎవరైనా తెలుసా అని నాన్నని అడిగాను.

ఆ రిబ్బన్ కథ వేరే చెప్పాలి. వారానికో రిబ్బన్ కొంటుంటే ఏ పద్దు కింద రాయమంటారండీ అని నేను అభ్యంతరం చెప్పాను. "నిజమే బాబూ, దుబారా," అని రాఘవమ్మగారు ఒప్పుకుని, కత్తిరించిన రిబ్బన్నే మళ్లీ టైలరు చేత కుట్టించారు. పై వారం మళ్లీ కత్తిరించారు, మళ్లీ కుట్టించారు. కుట్టు కుట్టుకీ కొంత లోపలికి పోయి చివరికి అది ఎంత పొట్టిదైపోయిందంటే, రెండు చివర్లూ పట్టుకునేవాళ్లు ఒకరి భుజం ఒకరికి ఆనించి నిలబడాల్సి వచ్చేది. ముఖ్య అతిథి వాళ్ల మధ్యలోకి కత్తెర దూర్చడం ప్రమాదంగా తయారైంది. అప్పుడు ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టారు. ఓ పొడుగాటి రిబ్బన్ కొనిపించి, మధ్యలో టిచ్ బటన్లు పెట్టించారు. అప్పట్నుంచి మా ఊళ్లో రిబ్బన్ కత్తిరించడం లేదు, ఊడదీయడమే. టిక్కుమని చప్పుడు రాగానే చప్పట్లు.

"రిబ్బన్ కూడా బాగుచేసుకున్నట్టే కదా బాబూ," అన్నారు ఆ సాయంత్రం. "మరి దానికి..."

"వద్దండీ," అన్నాను.

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది కానీ, ఆ పంచాయతీని నడపడం నవ్వులాట కాదు. పైనుంచి వచ్చే గ్రాంటు ఏటికేడాది చిక్కిపోతోంది. కరెంటు బిల్లు మాత్రం ఒళ్లు చేస్తోంది. రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని వేయడం ఎప్పుడో మానేశారు. పక్క ఊళ్లలో ప్రెసిడెంట్లు డబ్బుల్లేవని చేతులెత్తేసి కూర్చున్నారు. రాఘవమ్మగారు మాత్రం కూర్చోలేదు.

"కొత్తవి కట్టుకోవాలంటే ఆళ్లూ ఈళ్లూ డబ్బులివ్వాలి," అనేవారు. "ఉన్నయి చావకుండా చూసుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు కదా."

పొద్దున చెత్త ఎత్తే బండిని కడిగి ఆరబెట్టి, సాయంత్రం ముసలివాళ్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి పంపేవారు. తాళం పడిన గ్రంథాలయం పుస్తకాలు తీసుకొచ్చి ఐసు ఫ్యాక్టరీ పక్క షెడ్డులో పెట్టించారు. పడవల కోసం ఎదురుచూసే చేపల వ్యాపారులు అక్కడే కూర్చుని చదువుకునేవారు. పుస్తకాలకి కాస్త నీసువాసన పట్టిన మాట నిజమే కానీ, తాళం పడి ఉన్నప్పుడు చెదలు పట్టేవి. పున్నమి దగ్గరపడితే వీధిదీపాలు ఒకటి విడిచి ఒకటి వేయించేవారు. ఎవరైనా చీకటిగా ఉందని గొణిగితే, "పైన చంద్రుడు డ్యూటీలో ఉన్నాడు కదయ్యా, ఆయనకి బిల్లు కట్టక్కర్లేదు," అనేవారు.

అదంతా నాకు బాగానే అర్థమైంది. అర్థం కానిదల్లా ముఖ్య అతిథులు. ఆవిడ ఎన్నడూ ఒక ఎమ్మెల్యేని పిలవలేదు, మండలాఫీసు నుంచి ఒక్కర్ని పిలవలేదు. కుళాయికి నాగబాబుని పిలిచారా, అంతకుముందు వీధిదీపానికి బెన్నీని పిలిచారట. బస్ షెల్టరు బల్లకి, ఇంటర్ తప్పి ఊళ్లో తిరుగుతున్న ఇద్దరు కుర్రాళ్లని పిలిచారు. బడి గేటు బిగించినప్పుడు పాలు పోసే రత్తయ్యని పిలిచారు. పిలిచినప్పుడు, గేదెని కూడా తీసుకురమ్మన్నారు. రెండు దండలు తెప్పించారు. గేదె తన దండ తినేసి, రత్తయ్య మెడలోది కూడా సగం తిన్నాక గానీ సభ ముగియలేదు.

ఆ సాయంత్రం చంద్రశేఖర్‌గారు ఆఫీసుకొచ్చి, నా ఎదురుగా కూర్చున్నారు. ఆయన బట్టల కొట్టు నడుపుతారు. మనిషి నెమ్మది, చేతికి వాచీ, జేబులో మడత నలగని రుమాలు. ప్రతి ప్రారంభోత్సవానికీ, ఈసారైనా పిలుస్తారేమోనని ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చునేవారు.

"సెక్రటరీగారూ, ప్రోటోకాల్ అనేది ఒకటుంటుంది కదండీ," అన్నారు. "గేదెకి దండ పడింది. నేను వార్డు మెంబర్ని."

ఆయన బాధ చూడలేక మర్నాడు రాఘవమ్మగారిని అడిగాను. "పాపం, చంద్రశేఖర్‌గారిని ఒక్కసారి పిలవొచ్చు కదండీ."

"ఆయనకి అర్హత లేదు బాబూ."

"గేదెకుందా?"

"గేదెకుంది," అన్నారు ఆవిడ, చాలా సీరియస్‌గా.

ఆ పై వేసవిలో మోటారు కాలిపోయింది.

మా ఊళ్లో భూమిలో నీళ్లు ఉప్పన. కాలువ వచ్చినన్నాళ్లూ మంచినీళ్ల చెరువు నింపుకుని, ఆ నీళ్లని మోటారుతో ట్యాంకుకెక్కించి, వేసవంతా తాగాలి. మోటారు లేకపోతే చెరువులో నీళ్లుండీ ఊరికి నీళ్లు లేనట్టే. ఆ మోటారు వేయడానికీ ఆపడానికీ ఉన్నది ఒక్కడే మనిషి, యలమంద. ఇదివరకు ఇద్దరుండేవారు. ఒకరు రిటైరయ్యారు, ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది.

"ఎలా కాలిందండీ?" అని రాఘవమ్మగారిని అడిగాను.

"కాలిందంటే కాలింది. ముందు నీళ్ల సంగతి చూడండి."

ఆ సంగతి ఆవిడే చూశారు. మధ్యాహ్నానికల్లా ఒక రొయ్యల చెరువు యజమాని దగ్గర్నుంచి డీజిల్ ఇంజను వచ్చింది. కాలిన మోటారుని బెన్నీ ఆటోలో వేసుకుని, లోపలి రాగితీగ కొత్తగా చుట్టించడానికి గుడివాడ తీసుకెళ్లాడు. కుళాయిల్లో నీళ్లు సన్నగా వచ్చినా, మొత్తానికి వచ్చాయి. యలమంద మాత్రం ఆ రోజంతా ఎవరికీ కనపడలేదు. పంపు షెడ్డు తాళంచెవి రాఘవమ్మగారి అరుగు మీద పెట్టేసి వెళ్లాడట. ఆవిడ ఆ తాళంచెవి కొంగున కట్టుకుని వెళ్లి, వాడి చెవి పట్టుకుని షెడ్డుకి తీసుకొచ్చి, మళ్లీ వాడి చేతిలోనే పెట్టారు. ఇది నాకు తర్వాత తెలిసింది.

అదే వారంలో డివిజన్ ఆఫీసు నుంచి త్రిపురసుందరిగారు తనిఖీకొచ్చారు. బక్కపలచని మనిషి, మందపాటి కళ్లద్దాలు. ఆవిడకీ ఒక అలవాటుంది. ఏది చూసినా "దీనికి బాధ్యులెవరు?" అని అడుగుతారు. ఫ్యాను తిరక్కపోయినా అదే ప్రశ్న, టీలో పంచదార ఎక్కువైనా అదే ప్రశ్న. రిపేరు బిల్లులన్నీ తిరగేసి, తుఫాను షెల్టరులో గ్రామసభ పెట్టించమన్నారు.

ఊరంతా వచ్చింది. ఆవిడ నిలబడే మాట్లాడారు.

"నేనెవర్నీ ఇబ్బంది పెట్టడానికి రాలేదు. పైనుంచి వచ్చే డబ్బు తగ్గిపోయింది. ఇక ముందు కూడా తగ్గుతుంది. ఉన్న కాస్తా రిపేర్లకే పోతుంటే నేను పైవాళ్లకి ఏం చెప్పాలి? పంచాయతీ ఆస్తి పాడైతే, పాడుచేసినవాళ్ల పేరు రాసి వాళ్ల దగ్గర్నుంచి వసూలు చేయాలి. ఇక్కడ ఇన్ని రిపేర్లు జరిగాయి, ఒక్కదానికీ పేరు లేదు. ప్రెసిడెంటుగారూ, ఆ వీధిదీపం స్తంభం ఎలా వంగింది?"

"పాతబడిందమ్మా," అన్నారు రాఘవమ్మగారు.

"అది వేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు."

"ఉప్పుగాలమ్మా. మా ఊళ్లో తొందరగా పాతబడతాయి."

"బడి గేటు?"

"అదీ ఉప్పుగాలే."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. త్రిపురసుందరిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"మోటారు కూడా ఉప్పుగాలికే కాలిందా? చూడండి, నేను సూటిగా చెబుతున్నాను. మోటారు ఎవరి నిర్లక్ష్యం వల్ల కాలిందో పేరు చెప్పండి. ఆ మనిషిని తీసేయాలి. చెప్పకపోతే మీ చెక్ పవర్ ఆపమని రాయాల్సి వస్తుంది. నీళ్ల పథకం నాలుగు ఊళ్లు కలిపి ఒక కాంట్రాక్టరుకి ఇచ్చే ఆలోచన ఎలాగూ ఉంది. మీ ఊరు కూడా అందులో కలిసిపోతుంది. ఆ తర్వాత కుళాయి కారినా, రాకపోయినా ఆయనకే ఫోన్ చేసుకోవాలి."

సర్పంచికి చెక్ పవర్ పోయిందంటే, కుళాయికి వాషర్ కొనాలన్నా ఆవిడ సంతకం చెల్లదు. నేను రాఘవమ్మగారి వైపు చూశాను. బందరు మార్కెట్‌ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పలికించిన గొంతు పలకలేదు. పెదాలు బిగించి, నేల చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ఒక పేరు చెప్పేస్తే ఊరికి నీళ్ల పథకం మిగులుతుంది. నేనైతే చెప్పేసేవాణ్ణి. ఆవిడ చెప్పదలచుకోలేదని ఆ ముఖం చూస్తే తెలిసిపోతోంది.

వెనక గోడ దగ్గర యలమంద లేవబోయాడు. అంతలోనే మధ్య వరసలోంచి బెన్నీ లేచాడు.

"అమ్మా, ఆ స్తంభం ఉప్పుగాలికి వంగలేదండి," అన్నాడు. "నా ఆటో గుద్దిందండి."

త్రిపురసుందరిగారు అతని వైపు తిరిగారు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్పానండి. రాఘవమ్మ పిన్నికి చెప్పాను. కేసు పెడతారని భయమేసి, మా అమ్మమ్మ ఊరు పారిపోదామని సంచి కూడా సర్దుకున్నానండి. పిన్ని మా ఇంటికొచ్చి, వచ్చే ఆదివారం స్తంభానికి ప్రారంభోత్సవం, నువ్వే ముఖ్య అతిథివి, మంచి చొక్కా ఉందా అనడిగింది. దాన్ని నిలబెట్టడానికి నేనూ కూలీలతో పాటు పనిచేశానండి. తర్వాత ఊరందరి ముందూ దండేసింది. దండేయించుకున్నాక ఎక్కడికి పోతామండి? అప్పట్నుంచీ ఆ మలుపులో హారన్ కొట్టకుండా తిరగలేదండి."

నాగబాబు లేచాడు. "ఆ కుళాయి నేనేనండి. మర బిగుసుకుపోయిందని రాయి పెట్టి కొట్టాను. అత్త ఏమీ అనలేదండి. దండేసింది. ఇప్పుడు నేనే నెలనెలా నూనె చుక్క వేస్తున్నాను."

బస్ షెల్టరు కుర్రాళ్లు లేచారు. బల్ల మీద ఎక్కి గెంతింది తామేనని, ఇప్పుడు ఎవర్నీ ఎక్కనివ్వడం లేదని చెప్పారు. రత్తయ్య లేచి, "గేటు విరగ్గొట్టింది నేను కాదండి," అన్నాడు.

"మరెవరు?"

"గేదండి."

షెల్టరంతా గొల్లుమంది. నాకు అప్పుడు తట్టింది, ఆవిడ రెండు దండలు ఎందుకు తెప్పించారో. బడి ముందు గట్టి పలుపుతో కట్టేసి ఉండే ఆ గేదె, స్తంభం తుడిచే బెన్నీ తువ్వాలు, తీర్పు కోసం నిలబడ్డట్టున్న నాగబాబు ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. ఊళ్లో సగంమందికి తెలిసిన సంగతి, పక్క కుర్చీలో కూర్చునే నాకు తెలియలేదు.

నాకొక్కడికే కాదు. ముందు వరసలోంచి చంద్రశేఖర్‌గారు మెల్లగా లేచారు. అందరూ ఆశ్చర్యపోయారు.

"మీరేం పగలగొట్టారండీ?" అన్నారు త్రిపురసుందరిగారు.

"నేనేమీ పగలగొట్టలేదండి," అన్నారాయన. రాఘవమ్మగారి వైపు తిరిగి, "నన్నిన్నాళ్లూ పిలవంది అందుకా వదినా?" అన్నారు.

"మరి నీకేమని దండెయ్యను చంద్రశేఖరం?" అన్నారావిడ నిస్సహాయంగా. "నీ చేత్తో ఒక గ్లాసైనా పగలదే."

ఆయన కూర్చుని, రుమాలు తీసి కళ్లొత్తుకుని, నవ్వడం మొదలుపెట్టారు. అంతలో యలమంద ముందుకొచ్చాడు.

"మోటారు నేనేనండి. వేసి, దూడ బేరం మాట్లాడుతూ ఫోనులో ఉండిపోయానండి. నీళ్లందక ఒట్టిదే తిరిగి కాలిపోయింది. పిన్నిని ఏమీ అనకండి. నన్ను తీసేయండి."

"కూర్చోరా నువ్వు," అని రాఘవమ్మగారి గొంతు అప్పుడు లేచింది. షెల్టరు కిటికీ మీద కాకి ఎగిరిపోయింది. "నీ ప్రారంభోత్సవం ఇంకా అవలేదు. అప్పుడే నోరు విప్పుతున్నాడు." తర్వాత త్రిపురసుందరిగారితో నెమ్మదిగా అన్నారు. "వీడ్ని తీసేస్తే వీడి బదులు ఇంకోడ్ని వేస్తారామ్మా? వెయ్యరు. మోటారు కాలిస్తే ఎలా ఉంటదో ఈ ఊళ్లో వీడొక్కడికే తెలుసు. ఇంకెప్పుడూ కాల్చడు. తిట్టామనుకోండి, మొహం చాటేస్తాడు. డబ్బు కట్టమన్నామనుకోండి, కట్టేశాను కదా, ఇంక నాకేంటి అంటాడు. దండేస్తే అది వాడిదైపోద్ది. కాపలాకి మనిషిని పెట్టే స్తోమత మనకి లేదు కదమ్మా."

త్రిపురసుందరిగారు ఊరు చూస్తానని బయల్దేరారు. కుళాయి తిప్పి చూశారు, కట్టేసి చూశారు. చుక్క కారలేదు. స్తంభం దగ్గర ఆగారు. బడి గేటు మూసి తెరిచారు. కిర్రుమనలేదు. నా వైపు తిరిగి, "ఒకసారి బాగుచేశాక మళ్లీ పాడైనవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు.

నేను ఆలోచించాను. నిజాయితీగానే ఆలోచించాను. "లేవండీ," అన్నాను.

"కాంట్రాక్టరు మాట ఇప్పుడొద్దని రాస్తాను," అన్నారావిడ. "ఆ మోటారు అబ్బాయి సంగతి మీ పంచాయతీయే చూసుకుంటుందని రాస్తాను. మోటారు వచ్చాక కబురు చేయండి, వచ్చి చూడాలి." నడుస్తూ నడుస్తూ, "గేదెకి నిజంగానే దండ వేశారా?" అని మెల్లగా అడిగారు.

అంతా సుఖంగా ముగిసిందనుకుని మేమందరం ఆవిడని సాగనంపడానికి పంచాయతీ ఆఫీసు ముందుకొచ్చాం. ఆవిడ కారెక్కారు. డ్రైవరు దుర్గాశ్రీనివాస్ అని ఒక ఇరవయ్యేళ్ల అబ్బాయి, కాంట్రాక్టు మీద వచ్చి నెల కూడా కాలేదు. ఇంతమంది చూస్తుంటే కంగారుపడ్డాడో ఏమో, కారు వెనక్కి తీస్తూ తీస్తూ మా ఆఫీసు గేటు స్తంభాన్ని గుద్దాడు. స్తంభం ఒకసారి ఊగి, ఆలోచించి, పక్కకి ఒరిగి, పడిపోయింది.

అబ్బాయి కిందికి దిగి నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒక్క మాట పైకి వెళితే రేపట్నుంచి ఆ బండి మీద ఇంకో డ్రైవరుంటాడని అక్కడ అందరికీ తెలుసు. ఊరు ఊరంతా మర్యాదగా ఆకాశం వైపు చూసింది.

త్రిపురసుందరిగారు కారు దిగారు. పడిన స్తంభాన్ని చూశారు, అబ్బాయిని చూశారు. బాధ్యులెవరని అడుగుతారని నేను ఎదురుచూశాను.

"శశాంక్‌గారూ," అన్నారు నాతో, గట్టిగా, అందరికీ వినపడేలా. "కారు వెనక్కి తీయమని తొందరపెట్టింది నేనే."

"లేదు మేడం, నేనే చూసుకో..." అనబోయాడు అబ్బాయి.

"నువ్వు మాట్లాడకు. నేనే తొందరపెట్టాను. నా పేరే రాసుకోండి."

రాఘవమ్మగారు ముందుకొచ్చి, పడిన స్తంభాన్ని ఒక అంచనా వేసినట్టు చూసి, "పేరెందుకమ్మా," అన్నారు. "ఆదివారం మీకు తీరికేనా?"

ఆ ఆదివారం రెండు ప్రారంభోత్సవాలు జరిగాయి. పొద్దున పంపు షెడ్డు దగ్గర యలమంద, కొత్త బట్టలు కట్టుకుని, రిబ్బన్ ఊడదీసి మోటారు వేశాడు. ట్యాంకులోకి నీళ్లెక్కుతున్న చప్పుడు విని ఏడ్చేశాడు. నీళ్లెక్కేటప్పుడు ఏడవకురా, ఉప్పన అవుతాయి అన్నారు రాఘవమ్మగారు. అప్పట్నుంచి వాడు మోటారు వేసినంతసేపూ ఫోను వాళ్లావిడ దగ్గర ఉంచుతున్నాడు.

తర్వాత ఆఫీసు గేటు దగ్గర. త్రిపురసుందరిగారు పట్టుచీర కట్టుకుని వచ్చారు. టిచ్ బటన్లు ఊడదీయడం ఆవిడకి చేతకాలేదు. రెండుసార్లు లాగి, కళ్లద్దాలు సర్దుకుని మూడోసారి లాగితే టిక్కుమంది. చంద్రశేఖర్‌గారి చేత దండ వేయించారు రాఘవమ్మగారు. దండ వేయించుకునే యోగం లేనివాడికి వేసే యోగమైనా ఉండాలి కదా అని ఆవిడ వాదన. ఆయన ఎంత గర్వంగా వేశారంటే, ఫోటో సరిగ్గా రాలేదని ఇంకోసారి వేశారు. ముఖ్య అతిథిగారిని నాలుగు మాటలు చెప్పమంటే, "ఈ స్తంభం గురించి నేను ఎక్కువ మాట్లాడదలచుకోలేదు," అని కూర్చున్నారు. ఆ ఊళ్లో ఏ ఉపన్యాసానికీ అన్ని చప్పట్లు పడలేదు.

ఆ తర్వాత ఆవిడ కారు అటువైపు ఎప్పుడొచ్చినా గుల్లతిప్పలో ఆగేది. పని ఉన్నా లేకపోయినా ఆవిడ దిగి, గేటు దగ్గరకొచ్చి, స్తంభాన్ని చేత్తో ఒకసారి కదిపి చూసేవారు. గట్టిగానే ఉండేది. ఆవిడ ఆఫీసులోకి వెళ్లాక డ్రైవరబ్బాయి దిగేవాడు. అటూ ఇటూ చూసి, రెండు చేతులూ పెట్టి, పాదాలు నేలకి తన్ని, తనూ ఒకసారి ఊపి చూసుకునేవాడు. అప్పుడు గానీ వాడి మనసు కుదుటపడేది కాదు.

ఒకరోజు కిటికీలోంచి అది చూసి నేను భయపడ్డాను.

"ఆ అబ్బాయి అంత గట్టిగా ఊపితే మళ్లీ పడిపోతుందండీ," అన్నాను రాఘవమ్మగారితో. "ఒక మాట చెప్పనా?"

"పడనీ బాబూ," అన్నారావిడ, టీ చల్లార్చుకుంటూ. "ఆ పిల్లోడికి మనం ఇంకా దండెయ్యలేదు."